మూడో రోజు ఉప్పు

కొండ మీద దుర్గమ్మ సాక్షిగా, కింద పారే కృష్ణమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇక్కడ రాయబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వి పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు. ఎందుకంటే ఇదే దుర్గమ్మ మీద ఒట్టేసి, బ్యారేజీ దిగువన పట్టిన వాలుగ చేప కడుపులో మా తోడల్లుడు పోగొట్టుకున్న స్కూటరు తాళం దొరికిందనీ, ఆ తాళం పెట్టి తంతే బండి మొదటి కిక్కుకే స్టార్టయిందనీ ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటూ తిరుగుతున్నవాణ్ణి నేనే. అది వేరు, ఇది వేరు. అది నలుగుర్నీ నవ్వించడానికి చెప్పింది. ఇది చెప్పకుండా ఉండలేక చెబుతున్నది.

మొన్న గన్నవరం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాను. మన ఈడువాళ్లకి ప్లేటు పట్టుకుని వరసలో నిలబడడం చేతకాదు కదా, పెద్దవాళ్ల కోసమని ఒక మూల వేసిన బల్లల దగ్గర కూర్చుంటే, ఆకు వేసి, ఆకు కొసన వేలెడంత ప్లాస్టిక్ ప్యాకెట్ ఒకటి పెట్టి వెళ్లారు. ఆవకాయట. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఎవరో కూడా తెలియదు, దాన్ని పళ్లతో చింపి నాలిక్కి రాసుకుని, నా వైపు తిరిగి, "ఉప్పెక్కువైందండీ" అని, తన దారిన తను గుత్తివంకాయ కలుపుకోవడంలో పడిపోయాడు. నా చెయ్యి మాత్రం అన్నంలోనే ఆగిపోయింది. ఆ రెండు ముక్కలూ ఒకానొక రోజున, ఒకానొక మనిషి నోట్లోంచి, ఇంత తేలిగ్గా వచ్చి ఉంటే ఇబ్రహీంపట్నం రోడ్డు మీద మా షెడ్డు తలుపులు ఇవాళ్టికీ తెరిచే ఉండేవి.

మాది పచ్చళ్ల కంపెనీ. కంపెనీ అన్న మాట నేను పెట్టింది. అత్తయ్య మాత్రం చివరిదాకా షెడ్డు అనే అంది. అత్తయ్యంటే మా నాన్నగారి అక్క. మావయ్య చిన్నతనంలోనే పోతే పుట్టింటికి వచ్చేసి, నన్ను చంకనేసుకుని పెంచి, నేను ఇంటర్ రెండోసారి కూడా తప్పిన వేసవిలో, వీడికిక ఏ గవర్నమెంటూ ఉద్యోగం ఇవ్వదని తేల్చుకుని, ఆరు జాడీలతో ఆవకాయ పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. సీసాల మీద అంటించే కాగితం మీద మాత్రం 'రెండు వందల ఏళ్ల వంశపారంపర్య రుచి' అని ఉండేది. అది నా రచన. అక్కడితో ఆగానా అంటే, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మా వాకిట్లోకి కనబడుతుంటాయి కాబట్టి, మా కల్లుప్పు ఆ గొట్టాల వేడిగాలికే ఆరుతుందనీ, అందుకే దానికా రుచనీ హైదరాబాదు వ్యాపారి ఒకాయనకి చెబితే, పాపం రెండేళ్లు నమ్మి, మూడో ఏడు కళ్లారా చూసిపోదామని బస్సెక్కి వచ్చాడు. విజిటింగ్ కార్డు మీద ఎం.డి. అని నా పేరే ఉండేది గానీ, మా ఇద్దరి మధ్యా పని పంపకం అందరికీ తెలిసిందే. అబద్ధాల శాఖ నాది, నిజం శాఖ అత్తయ్యది. కంపెనీ మొత్తం నిలబడింది ఆవిడ నాలుక మీద.

ఎలాగంటే, ఆవకాయ కలిపిన రోజున ఎవరికీ ఏమీ తెలియదు. ముక్క ఇంకా ముక్కే, కారం ఇంకా కారమే. జాడీకెత్తి, మూతికి గుడ్డ వాసెన కట్టి వదిలేస్తే, మూడో రోజుకి ఊట ఊరి, అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. ఆ మూడో రోజు పొద్దున వాసెనలు విప్పి, గంగాళాల్లోకి తిరగబోసి, అడుగు నుంచి పైకి కలిపి, ఉప్పు చూస్తారు. మీ ఇళ్లల్లోనూ చూసే ఉంటారు, మీ అమ్మగార్లు ఆ పూట ఎంత గంభీరంగా ఉండేవారో. మా షెడ్డులో దానికి ఒక కట్టడి ఉండేది. అత్తయ్య ఆ పొద్దున కాఫీ కూడా తాగకుండా వచ్చి, పీట మీద కూర్చుని, వేడన్నంలో ఇంత కలుపుకుని, కళ్లు మూసుకుని ఒక్క ముద్ద తినేది. ఆవిడ కళ్లు తెరిచేదాకా నలభై మంది ఆడవాళ్లలో ఒక్కరు దగ్గకూడదు, గాజు చప్పుడవకూడదు. 'సరిపోయింది' అంటే సరిపోయింది. ఇన్ని సోలలు వెయ్యమంటే అన్ని సోలలు. మరొకరు వేలు ముంచి చూడడం, పెదవి విరవడం అన్నది లేదు. రెండు నాలుకలు పెడితే పచ్చడి ఎవరి మాటా వినదని ఆవిడ నమ్మకం. ఏడాది పొడుగునా అమ్మే సరుకంతా మామిడికాయ దొరికే ఆ నలభై రోజుల్లోనే పెట్టుకోవాలి కాబట్టి, మొదటి విడత మూడో రోజున ఏ కొలత తేలితే ఆ సీజనంతా అదే కొలత.

ఈ కట్టడికి లొంగని మనిషి ఒకే ఒక్కడు, నూనె సాయిబు బాబాయ్. వన్ టౌన్‌లో పప్పునూనె మిల్లు ఆయనది. అత్తయ్య ఆరు జాడీలకి నూనె అరువడిగినప్పుడు మారుమాటాడకుండా డబ్బా ఎత్తి రిక్షాలో పెట్టించాడట, అప్పట్నుంచి ఆవిడ ఆయన్ని తమ్ముడూ అనేది, ఆయన ఆవిణ్ణి అక్కయ్యగారూ అనేవాడు, నాకు బాబాయ్ అయిపోయాడు. ఎంత పనున్నా మూడో రోజుకి నూనె డబ్బాలతో తనే ఆటో దిగి, గుమ్మం పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. అత్తయ్య ముద్ద తిన్నాక రెండో ముద్ద ఆయన చేతిలో పెట్టాలి. "నూనె నాదండీ అక్కయ్యగారూ, ముక్కకి ఊపిరాడేది నా నూనెలోనే. ఉప్పు ఒక్కటీ మీది. ఒక్క ఓటుతో అంత పెత్తనమేంటండీ?" అని ఆట పట్టించేవాడు. ఒక ఏడాది ముద్ద నోట్లో పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, రవ్వంత తక్కువన్నాడు. షెడ్డంతా గుండెలు పట్టుకున్నారు. అత్తయ్య రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజున, ఎవరూ చూడడం లేదనుకుని, గంగాళానికి అర సోల చొప్పున ఉప్పు కలిపించింది. బాబాయ్ అలాంటివాడు. నోటి ముందుకొచ్చిన నిజాన్ని మింగడం ఆయనకి చేతకాదు. నా కథలు విన్నప్పుడల్లా, "అబ్బాయ్, నీ మాటలు నా గానుగలో ఆడించినా చుక్క నూనె రాదురా" అనేవాడు.

ఇక ఆ మహమ్మారి సంగతి. మొదటి ఏడు ఎలాగో ఒడ్డున పడ్డాం. హోటళ్లు మూసేశారు, పెళ్లిళ్ల ఆర్డర్లు పోయాయి. అయినా జనం ఇళ్లల్లో కూర్చుని అన్నమూ ఆవకాయే తిన్నారు, జాడీల్లో పాత సరుకుంది, నేను మాస్కు పెట్టుకుని బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల అపార్టుమెంట్ల గేట్ల దగ్గర దించి వచ్చేవాణ్ణి. ఒకసారి చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ పాస్ అడిగితే, పాస్ లేక, కొత్త ఆవపిండి సంచీ మూతి విప్పి చూపించాననీ, ఆయన పదకొండు తుమ్ములు తుమ్మి, పన్నెండోది వస్తుందేమోనన్న భయంతో వెళ్లిపొమ్మన్నాడనీ చెబుతుంటాను. తుమ్మిన మాట నిజం. పదకొండా అంటే లెక్కపెట్టినవాళ్లు ఎవరున్నారు.

రెండో ఏటి వేసవికి నవ్వడానికేమీ మిగల్లేదు. పాత జాడీలు అడుగంటాయి. షెడ్డులో ఆడవాళ్లు ఏడాదిగా సగం జీతాలకి సర్దుకుంటున్నారు, వాళ్లల్లో చాలామంది ఇళ్లల్లో మగవాళ్లకి పనుల్లేవు. ఈ సీజను ఆవకాయ బాగా కుదిరి దుకాణాలకెక్కితే షెడ్డు బతుకుతుంది, కుదరకపోతే తలుపు మూసుకోవాల్సిందే. ఇది నేను కథగా చెప్పడం లేదు, అత్తయ్యే ఉగాది నాడు అందర్నీ వాకిట్లో దూరదూరంగా నిలబెట్టి చెప్పింది. వాసెనలు కట్టే పిన్ని, అందరికన్నా పాత మనిషి, మాస్కులోంచే, "మీ నోరు చల్లగుంటే మాకు అన్నం ఉంటదమ్మగారూ" అంది.

అన్న వారానికి అత్తయ్యకి జ్వరం వచ్చింది. వడదెబ్బ అంది ఆవిడ. కాదని పరీక్షలో తేలింది. పెద్దగా ఆయాసం రాలేదు, ఆసుపత్రి అవసరం పడలేదు, అదే మహాభాగ్యం అనుకున్నాం; షెడ్డు వెనక గదిలోనే పద్నాలుగు రోజులు ఉండిపోయింది. మా ఆవిడ వండిన పళ్లెం గుమ్మంలో పెట్టి నేను పక్కకి తప్పుకుంటే, తీసుకుని, కాసేపటికి సగం వదిలేసి తిరిగి పెట్టేది. చారులో ఉప్పు మర్చిపోయిందిరా మీ ఆవిడ, అనేది. మర్నాడు పప్పులో మర్చిపోయింది. ఆ మర్నాడు మజ్జిగలో. మా ఆవిడ మూడో రోజుకి కళ్లనీళ్లు పెట్టుకుంది, ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈవిడ నా ఉప్పుకి వంకపెట్టింది ఇప్పుడే అని. నేను నవ్వేసి, జ్వరం నోరు కదా అన్నాను. జ్వరం నోరు. ఎంత తేలిగ్గా అనేశానో.

ఈలోపు నూజివీడు వైపు నుంచి కాయ దిగింది. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి కర్ఫ్యూ, ఆ లోపలే బండి రావాలి, దించాలి, కాయ తుడవాలి, కొట్టాలి. వెనక గది కిటికీ ఊచల్లోంచి అత్తయ్య కొలతలు చెబుతుంటే పిన్ని మొదటి విడత కలిపింది. ఆవిడ గది గడప దాటవలసిన రోజూ, ఆ విడతకి మూడో రోజూ ఒకటే అయ్యాయి. అది శుభసూచకమని అందరమూ అనుకున్నాం. మనుషులం కదండీ, ఏదో ఒకదాన్ని పట్టుకోవాలి.

పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి పీట మీద కూర్చుంది. సగానికి సగమైపోయింది మనిషి. గుమ్మం పక్కన స్టూలు ఉంది, స్టూలు మీద సాయిబు బాబాయ్ లేడు. ఆ ఏడు రంజాన్ నెల సరిగ్గా మామిడికాయల మీదికే వచ్చింది, ఆయన ఉపవాసాల్లో ఉన్నాడు, నూనె మాత్రం ఆటోలో పంపించాడు. పండగ నాడు తింటాను, నా జాడీ విడిగా తీసిపెట్టమని కబురు చేశాడు. అత్తయ్య ముద్ద తింది. కళ్లు మూసుకుని చాలాసేపు ఉంది. చప్పగా ఉంది, గంగాళానికి రెండు సోలలు వెయ్యమంది. వేశారు. కలిపారు. మళ్లీ తింది. ఇంకో రెండు సోలలు అంది. వేశారు. ఈసారి కళ్లు తెరిచి, సరిపోయింది అంది. బాబాయ్ లేడు కాబట్టి, జబ్బు రోజులు కాబట్టి, రెండో ముద్ద ఆ ఏడాది ఎవరి చేతిలోనూ పెట్టలేదు. పిన్ని ఒక్కతే, చేతుల్ని గాలికి ఊపుకుంటూ, "ఏంటో అమ్మగారూ, ఈయేడు చేతులు తెగ మండుతున్నయ్" అంది. కొత్త కారం ఘాటు అంది అత్తయ్య. మాకు అందరికీ మాస్కులున్నాయి, వాసన తెలియదు. కట్టడి ఉంది, రుచి తెలియదు. నాలుగు సోలలు ఎక్కువ, అదే కొలతయింది. ఆ కొలతతోటే సీజనంతా నడిచింది, విడత మీద విడత, జాడీ మీద జాడీ, నలభై మంది అంత శ్రద్ధగా, కిందపడిన ఆవగింజ కూడా ఏరుకుంటూ, ఏడాది బతుకునంతా ఉప్పులో వేసి కలిపారు.

పండగ రోజు పొద్దున్న పదకొండు దాటాక నా ఫోను మోగింది. సాయిబు బాబాయ్. నమాజ్ ఇంట్లోనే కానిచ్చి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, వేడన్నంలో మన ఆవకాయ కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాడట. "ఏరా అబ్బాయ్, ఈయేడు బందరు సముద్రాన్ని పిలిచి కలిపించార్రా?" అన్నాడు. నేను నవ్వాను. "నవ్వకురా. ముద్ద దిగట్లేదు. అక్కయ్యగారి నోటికి ఏదో అయింది. ఆవిడకి చెప్పకు, ముందు సరుకు ఆపు" అన్నాడు. అంత గలగలలాడే మనిషి గొంతు తగ్గించి మాట్లాడడం అదే వినడం. నేను స్టోర్ రూములోకి పరుగెత్తి, వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను. అప్పుడు వెలిగింది నాకు, చారూ పప్పూ మజ్జిగా అన్నీ వరసగా. ఆ జబ్బు ఆవిడ ప్రాణం తియ్యకుండా నాలుకని తీసుకుపోయింది.

ఆ తర్వాత పదిహేను రోజులు నేను చెయ్యని ప్రయత్నం లేదు. అప్పటికే సగం సరుకు దుకాణాలకి వెళ్లిపోయింది. మిగిలిన దాంట్లో ఉప్పు విరగడానికి, కర్ఫ్యూ పడేలోపల తోటలెంట తిరిగి, దొరికిన ఆఖరు కాయ తెచ్చి, అత్తయ్యకి తెలియకుండా, ఉప్పు లేని ముక్కలు కలిపించాను. అత్తయ్య కట్టడిలో ఎన్నడూ ఎవరూ చెయ్యని పని అది, ఊరిన పచ్చట్లో పచ్చి ముక్క వెయ్యడం. సీజను చివరి కాయ, సగం పండుబారింది. నీరు వదిలి, వారానికి జాడీల మూతుల దగ్గర తెల్లగా బూజు కట్టింది. కొన్నిట్లో బెల్లం వేసి తీపి ఆవకాయ అని కొత్త కాగితం అంటించాను, దాని మీద పూర్వం ఒక జమీందారు గారి భార్య వేవిళ్లకి కనిపెట్టిన పచ్చడని ఓ కథ రాశాను కూడా. నా జీవితంలో ఎవరూ నమ్మని మొదటి కథ అదే. ఉప్పగానూ తియ్యగానూ ఉన్నదాన్ని ఏ కథతో తినిపిస్తాం?

దుకాణాల నుంచి సీసాలు వెనక్కి రావడం మొదలైంది. ఆటోలు రావడం చూసి అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. మన షెడ్డు నుంచి ఆటోలు వెళ్లడమే గానీ రావడం ఆవిడ ఎరగదు. నేను దాచలేక, ఉప్పెక్కువైంది అత్తయ్యా, అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. తొట్టి దగ్గరికి వెళ్లి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, చీర కొంగుతో తుడుచుకుని, పీట తీసి గోడకి ఆనించి పెట్టింది. మళ్లీ ఆ పీట మీద కూర్చోలేదు.

వానాకాలం మొదలయ్యేసరికి షెడ్డు మూసేశాం. చివరి రోజున ఆడవాళ్లు వచ్చి, పారబొయ్యొద్దని తలా ఒక సీసా పట్టుకెళ్లారు. పిన్ని రెండు పట్టుకెళ్లింది. ఆ ఏడంతా వాళ్ల ఇళ్లల్లో పప్పులో ఉప్పు వెయ్యలేదట, చప్పిడి పప్పు వండుకుని మా ఆవకాయ నంజుకుంటే సరిగ్గా సరిపోయేదట. తర్వాతెప్పుడో బజార్లో కనబడి చెప్పింది. "మీ కథల కన్నా నయం బాబూ, అదైనా కడుపులోకి పోయింది" అని నవ్వింది కూడా. ఆవిడ ఇప్పుడు ఏదో అపార్టుమెంటులో మెట్లు తుడుస్తోంది. మిగతావాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదనడం సరైన మాట.

షెడ్డులో ఇప్పుడు టైల్సు దాస్తున్నారు. ఆ దారిన వెళ్లినప్పుడు చూస్తాను, గొట్టాలు అలాగే పొగ వదులుతుంటాయి, లోపల్నుంచి ఆవ ఘాటు మాత్రం రాదు. ఈ రోజుల్లో పెద్ద ఫ్యాక్టరీల్లో ఉప్పు చూడ్డానికి చిన్న మీటరు ఉంటుందట, ముంచితే అంకె చూపిస్తుందట. దానికి జ్వరం రాదు, మొహమాటం ఉండదు. ఇళ్లల్లో జాడీలు పోయాయి, వాసెన గుడ్డ అంటే మా పక్కింటి కోడలికి బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. పచ్చడి రుచి మారిందని మన ఈడువాళ్లం బాధపడుతుంటాం గానీ, నన్నడిగితే పోయింది రుచి కాదు. మూడో రోజు పొద్దున, ఒక మనిషి కళ్లు మూసుకుని ముద్ద నములుతుంటే, నలభై మంది ఊపిరి బిగబట్టి ఆ మొహంలోకి చూసే ఆ కాసేపు పోయింది. ఒక మనిషి మాట మీద అంతమంది అన్నం తినేవాళ్లు.

ఇక ఆ ఒట్టు సంగతి. దుర్గమ్మ మీద మళ్లీ అబద్ధం ఆడాను.

సాయిబు బాబాయ్ ఆ పండగ చూడలేదు. అంతకు వారం ముందే ఆసుపత్రిలో పోయాడు. ఖబరస్తాన్ దగ్గర నలుగురికి మించి రానివ్వలేదు, నేను రోడ్డుకి అవతల నిలబడ్డాను. ఆయన కోసం విడిగా తీసిపెట్టిన జాడీ ఆయన ఇంట్లో వాసెన విప్పకుండానే ఉంది. బందరు సముద్రం మాట ఆయన అనలేదు, నేను అనిపించాను. బతికుంటే అనేవాడు. ఆ సీజన్లో మాకు నిజం చెప్పినవాడు ఒక్కడైనా ఉండాలనిపించి, ఆ ఫోను మోగించాను.

ఎందుకంటే, రెండో ముద్ద ఎవరి చేతిలోనూ పెట్టలేదన్నాను చూడండి, అది కూడా అబద్ధం. రెండోసారి ఉప్పు కలిపించాక అత్తయ్య సరిపోయింది అనలేదు. ఇంకో ముద్ద చేసి, చుట్టూ చూసి, ఖాళీ స్టూలు వైపు చూసి, నన్ను పిలిచి నా అరచేతిలో పెట్టింది. ఆవిడకి తెలుసు. వెనక గదిలో పద్నాలుగు రోజులు ఉప్పూ కారం తెలియకుండా గడిపిన మనిషికి తెలియదూ? నాకు నోరు తెలియడం లేదురా, నువ్వు చెప్పు, అంది, నాకు మాత్రమే వినబడేలాగా. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక కోసుకుపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కారానికి తిరిగినట్టు తుడుచుకున్నాను. నలభై మంది నా మొహంలోకి చూస్తున్నారు. పద్నాలుగు రోజుల తర్వాత ఎండలోకి వచ్చిన మనిషిని అంతమంది ముందు కాదనడానికి నాకు నోరు రాలేదు. ముప్ఫై ఏళ్లుగా ఎవరు ఎలా ఉందన్నా అమృతం అన్న నోరు ఇది. "సరిగ్గా సరిపోయింది అత్తయ్యా" అన్నాను. ఆవిడ అప్పుడు వాళ్ల వైపు తిరిగి, సరిపోయిందట, కట్టండి, అంది. తర్వాతి విడతకి మెల్లిగా సర్దుదాంలే అనుకున్నాను. తర్వాతి విడతకి, నిన్న అబద్ధం చెప్పానని చెప్పకుండా సర్దే దారి కనబడలేదు. ఆ తర్వాతి విడతకి అసలు చూడ్డమే మానేశాను.

ఆటోలు తిరిగొచ్చిన రోజున ఆవిడ ఏమీ మాట్లాడలేదన్నది కూడా నిజం కాదు. చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ, నా మొహంలోకి చూడకుండా ఒక్క మాటంది. "నిన్నడిగాను కదరా" అంది. అంతే. షెడ్డు వాళ్లకీ, చుట్టాలకీ, మా ఆవిడకీ కూడా, 'నా నోరు పోయి నేనే సీజను పాడుచేశాను' అని తనే చెప్పుకుంది, ఇప్పటికీ అలాగే చెప్పుకుంటుంది.

ఆవిడ నాలుక తిరిగి రాలేదు. రోజూ మా ఇంట్లో భోజనాల దగ్గర, పళ్లెంలో ముందు పప్పు కలుపుకుని, ఆగి, ఉప్పు ఎలా ఉందని అడుగుతుంది. మా ఆవిణ్ణి అడుగుతుంది. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్లని అడుగుతుంది. ఎవరూ లేనప్పుడు, నేనొక్కణ్ణే ఎదురుగా కూర్చున్నప్పుడు, అడగకుండా తినేస్తుంది.